సాంచె చక్రం నుంచి తుంటి కీలు దాకా

తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ ఈ రోజు మనకు కొత్త కాదు. బంధువుల్లో ఒకరైనా చేయించుకునే ఉంటారు. ఆ ఆపరేషన్‌ను నమ్మదగ్గదిగా తీర్చిదిద్దిన డాక్టర్ జాన్ చార్న్‌లీ కథలో మాత్రం ఆసుపత్రి ఎంత ఉందో కార్ఖానా కూడా అంతే ఉంది. షోలాపూర్‌లో, భివండీలో సాంచెలు నడిపే మనవాళ్లకు పళ్ల చక్రాల సంగతి ఒకరు చెప్పాలా? సరిగ్గా అలాంటి చక్రాల కోసం వచ్చిన ప్లాస్టిక్కే చివరికి ఆయన్ను గట్టెక్కించింది.

చార్న్‌లీ 1911 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని బరీ పట్టణంలో పుట్టారు. అది లాంకషైర్, నూలు మిల్లుల సీమ. తండ్రికి మందుల షాపు, తల్లి నర్సు. మాంచెస్టర్‌లో చదివి 1935లో డాక్టరయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంతో కైరో వెళ్లారు. అక్కడి వర్క్‌షాపులో మెకానిక్కులతో కలిసి, ఎముకల చికిత్సకు కావాల్సిన పనిముట్లు చేయించారు. ఆ అలవాటు ఇక పోలేదు. తర్వాత ఇంట్లోనే లేత్ మెషిన్ పెట్టుకున్నారు.

అప్పట్లో అరిగిన తుంటికి యాక్రిలిక్ బంతి అమర్చేవారు. అలా వేయించుకున్న ఒకాయనకు ఒంగినప్పుడల్లా కీలు కిర్రుమనేది. ఆ చప్పుడు భరించలేక భార్య ఆ గదిలోనే ఉండేది కాదట. అందరూ నవ్వి ఊరుకునే సంగతే. చార్న్‌లీ మాత్రం ఆ చప్పుడు రాపిడిదని పట్టుకున్నారు. రాపిడి ఎక్కువైతే బంతి ఎముకలోంచి వదులవుతుంది. కాబట్టి బంతిని చిన్నది చేయాలి, అది తిరిగే గిన్నెకు జారుడు గుణమున్న ప్లాస్టిక్ వాడాలి, రెండింటినీ ఎముకకు గట్టిగా అతికించాలి.

అతికించే మసాలా పళ్ల డాక్టర్ల దగ్గర దొరికింది. కట్టుడు పళ్లకు వాడే యాక్రిలిక్‌ను మాంచెస్టర్ దంత వైద్య కళాశాలకు చెందిన డెనిస్ స్మిత్ సూచించారు. స్టీలు భాగాలను లీడ్స్ నగరంలోని థాక్రే కంపెనీ చేసిపెట్టింది. గిన్నె దగ్గరే వచ్చింది చిక్కంతా.

చార్న్‌లీ టెఫ్లాన్‌ను ఎంచుకున్నారు. విగన్ దగ్గరి రైటింగ్టన్ ఆసుపత్రిలో సుమారు 300 మందికి టెఫ్లాన్ గిన్నెలు వేశారు. ఏళ్ల తరబడి కుంటినవాళ్లు లేచి నడిచారు. ఇంకేముంది, గెలిచినట్టే అనుకున్నారు. మూడు, నాలుగేళ్లు తిరక్కుండానే గిన్నెలు అరిగిపోవడం మొదలైంది. రాలిన పొడి చుట్టూ కండ వాచి, ఎముకను తినేసింది. నడిచినవాళ్లు మళ్లీ మంచమెక్కారు. వేసిన చేతులతోనే ఒక్కొక్కటీ తీయాల్సి వచ్చింది. ఆ పొడి ఒంట్లో ఏం చేస్తుందో చూడటానికి ఆయన తన తొడలోకే కొంత ఎక్కించుకున్నారు. నెలల తర్వాత అక్కడ గడ్డలు చేతికి తగిలాయి. టెఫ్లాన్ వాడవద్దని 1963లో వైద్య పత్రికలో బాహాటంగా రాశారు. తన తప్పును తానే అచ్చువేయించుకున్న డాక్టర్లు ఎందరుంటారు?

ఆ పత్రిక లేఖకు ముందే, 1962 మేలో, ఓ సేల్స్‌మన్ ల్యాబ్‌కు వచ్చాడు. మరమగ్గాలకు ప్లాస్టిక్ చక్రాలు అమ్మే మనిషి. అతని చేతిలో జర్మనీలో తయారైన గట్టి పాలిథిన్ ముక్క ఉంది. చార్న్‌లీ దాన్ని గోటితో గీరి చూసి, పనికిరాదని వెళ్లిపోయారు. ల్యాబ్ టెక్నీషియన్ హ్యారీ క్రేవెన్ ఊరుకోలేదు. అరుగుదల కొలిచే యంత్రానికి బిగించి రాత్రీ పగలూ తిప్పాడు. మూడు వారాలు తిరిగినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగేంత కూడా అరగలేదు. ఆయన తొడలో ఈ ప్లాస్టిక్ కూడా వేసుకు చూశారు, గడ్డ కట్టలేదు. అదే ఏడాది నవంబరులో మొదటి గిన్నె మనిషికి వేశారు.

ఆపరేషన్ గదిలో చీము పట్టడం మరో బెడద. దానికీ మందు మిల్లుల వైపు నుంచే వచ్చింది. మిల్లుల్లో గాలి శుద్ధి చేసే యంత్రాలు తయారుచేసే బోల్టన్‌లోని హోవర్త్ సంస్థతో కలిసి, శుభ్రమైన గాలి వీచే గాజు గదిని కట్టించారు. నూటికి సుమారు ఏడుగురికి సోకే ఇన్ఫెక్షన్ కొన్నేళ్లలో ఒకరి కంటే తక్కువకు దిగింది.

అసలు పరీక్ష ఆ తర్వాతే. కీలు బాగుందన్న మాట పాకింది. కొంటామన్న డాక్టర్లు ఎక్కువయ్యారు. థాక్రేకు అది మంచి బేరమే. కానీ ఫలితాలు ఏళ్ల తరబడి చూడందే అందరికీ అమ్మొద్దని చార్న్‌లీ పట్టుబట్టారు. 1960ల చివరి దాకా, రైటింగ్టన్‌లో తన దగ్గర నేర్చుకున్న సర్జన్లకే కీళ్లు అందాయి. కంపెనీ ఆ షరతుకు ఒప్పుకుంది. సరుకు సిద్ధంగా ఉండి, కొనేవాళ్లు గుమ్మం ముందు నిలబడి ఉంటే చేయి కట్టుకు కూర్చోవడం వ్యాపారికి చిన్న సంగతి కాదు. 300 మంది అనుభవం చార్న్‌లీకి ఉంది కాబట్టే ఆయన మొండికేశారు. కంపెనీకి ఆ అనుభవం లేదు. అయినా ఆగింది.

1974లో లాస్కర్ బహుమతి, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1977లో సర్ బిరుదు వచ్చాయి. 1982 ఆగస్టు 5న కన్నుమూశారు. థాక్రే కంపెనీని 1990లో వేరే సంస్థ కొనుక్కుంది. గిన్నెలకు మాత్రం నేటికీ పాలిథిన్నే వాడుతున్నారు, మరింత గట్టిపరిచి.

ఆయన రోగులను అడిగే మాట ఒకటుండేది. మీరు పోయాక ఆ కీలు మాకు తిరిగిస్తారా అని. చాలామంది సరేనన్నారు. వాళ్లు నడిచి నడిచి వదిలి వెళ్లిన గిన్నెలు ఒక్కొక్కటిగా రైటింగ్టన్ ల్యాబ్‌కు చేరేవి. ఎన్నేళ్లకు ఎంత అరిగాయో అక్కడ కొలిచి రాసుకునేవారు.