ఐరిష్ భాషోద్ధారకుడు డగ్లస్ హైడ్

ఒకనాడు ఐరోపాలో విస్తృతంగా వ్యాపించిన కెల్టిక్ భాషలు నేడు ప్రధానంగా ఐర్లండు, వేల్స్, స్కాట్లండు, ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతాలలో మిగిలి ఉన్నాయి. ఆ సంస్కృతిని అధ్యయనం చేయడానికి ఐర్లండుకు వెళ్లే విద్యార్థులు ముందుగా తెలుసుకోదగిన వ్యక్తి డగ్లస్ హైడ్. ఐరిష్ భాషకు జీవితాన్ని అంకితం చేసిన ఆయనకు అది మాతృభాష కాదు.

హైడ్ 1860 జనవరి 17న రాస్‌కామన్ కౌంటీలో జన్మించాడు. తండ్రి ప్రొటెస్టెంట్ మతగురువు. ఇంట్లో మాట్లాడేది ఆంగ్లం. బాల్యంలో తట్టు సోకి బడి మానడంతో విద్యాభ్యాసం ఇంటివద్దనే సాగింది. ఆ తీరికలో షేమస్ హార్ట్ అనే వేటభూముల కావలివాడు, ఊరిలోని వృద్ధులు అతనికి గురువులయ్యారు. ఐరిష్ వర్ణక్రమం తెలియని ఆ బాలుడు విన్న మాటలను ఆంగ్ల అక్షరాలతో దినచర్యలో రాసుకొనేవాడు. 1875లో హార్ట్ మరణించినప్పుడు అతడు ఎంతో దుఃఖించాడు.

ఆనాటికి ఐరిష్ క్షీణదశలో ఉంది. 1845లో మొదలైన ఘోరక్షామంలో ఆ భాష మాట్లాడే నిరుపేదలే అధికంగా బలయ్యారు, వలసపోయారు. 1851లో సుమారు 15 లక్షలున్న ఐరిష్ భాషీయులు 1891 నాటికి ఏడు లక్షలకు లోపే మిగిలారు. కొన్ని పల్లెలలో పిల్లల మెడలో కర్ర కట్టి, ఐరిష్ పలికినప్పుడల్లా దానిపై గాటు పెట్టి, ఆ లెక్కన దండించేవారు. ఇందుకు తల్లిదండ్రులూ సమ్మతించేవారంటే ఆ భాష ఎంత చులకనైపోయిందో ఊహించవచ్చు.

1893లో హైడ్ మిత్రులతో కలిసి గేలిక్ లీగ్‌ను స్థాపించి అధ్యక్షుడయ్యాడు. 1899లో మాధ్యమిక విద్యపై విచారణ సంఘం ఏర్పడింది. డబ్లిన్ ట్రినిటీ కళాశాల ఆచార్యులు కొందరు ఐరిష్‌లో చదవదగిన సాహిత్యమే లేదని వాదించారు. హైడ్ కూడా ఆ కళాశాల విద్యార్థియే! అతడు వారితో వాగ్వాదానికి పరిమితం కాలేదు. జర్మనీ తదితర దేశాల కెల్టిక్ పండితుల అభిప్రాయాలను లేఖల ద్వారా సేకరించి సంఘం ముందుంచాడు. పాఠ్యప్రణాళికలో ఐరిష్ నిలిచింది. 1904లో కార్క్ కౌంటీలోని బాలింగీరీ గ్రామంలో ఐరిష్ కళాశాల వెలసింది. భాషను జనం నోట వినడానికి పట్టణవాసులు ఆ పల్లెకు వెళ్లసాగారు.

భాష మతాలకు, రాజకీయాలకు అతీతమని హైడ్ విశ్వసించాడు. 1915లో లీగ్ రాజకీయ లక్ష్యాన్ని స్వీకరించగానే, రెండు దశాబ్దాలు నడిపిన సంస్థ అధ్యక్షపదవిని త్యజించాడు. 1938లో అన్ని పక్షాల ఆమోదంతో ఐర్లండు తొలి అధ్యక్షుడయ్యాడు. అదే సంవత్సరం ఒక ఫుట్‌బాల్ పోటీని తిలకించినందుకు, దానిని విదేశీ క్రీడగా భావించిన గేలిక్ క్రీడాసంఘం అతనిని తన పోషకుల జాబితానుండి తొలగించింది.

1949 జూలై 12న హైడ్ మరణించాడు. డబ్లిన్‌లోని ప్రొటెస్టెంట్ దేవాలయంలో అంతిమ ప్రార్థనలు జరిగాయి. అన్యశాఖ ఆరాధనలలో పాల్గొనరాదన్న నాటి మతనియమం వల్ల క్యాథలిక్ మంత్రులలో అత్యధికులు వెలుపలే వేచి ఉన్నారు. తండ్రి మతగురువుగా పనిచేసిన ఫ్రెంచ్‌పార్క్ సమీపంలోని చర్చి ఆవరణలో ఆయనను సమాధి చేశారు.