ఫలక్‌నుమా కట్టి అప్పులపాలైన నవాబు.. ఆఖరి కట్టడం పూర్తవ్వకుండానే కన్నుమూత!

విశాఖ వాళ్లకి ఫలక్‌నుమా అనగానే ముందు గుర్తొచ్చేది రైలే. హౌరా నుంచి మన ఊరి మీదుగా సికింద్రాబాద్ వెళ్లే సూపర్‌ఫాస్ట్. ఆ తర్వాతే ప్యాలెస్. సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్లి జరిగిందీ, 2017లో ఇవాంకా ట్రంప్‌కి ప్రధాని మోదీ విందు ఇచ్చిందీ అక్కడే. వీడియోలు అందరూ చూసే ఉంటారు. కానీ అది కట్టించిన మనిషి పేరు అడిగితే చాలామంది నిజాం అనేస్తారు. కాదు. కట్టించింది ఆయన బంధువు, నవాబ్ సర్ వికార్ ఉల్ ఉమ్రా. ఆ ప్యాలెస్ వల్లే ఆయన అప్పుల్లో కూరుకుపోయారు. చివరికి దాన్ని వదులుకున్నారు కూడా.

ఇంతకీ ఎవరీయన?

1856లో హైదరాబాద్‌లో పుట్టారు. అసలు పేరు ఫజలుద్దీన్ ఖాన్. వికార్ ఉల్ ఉమ్రా అనేది బిరుదు, అదే పేరుగా స్థిరపడిపోయింది. వీళ్లది పైగా వంశం. నిజాం సంస్థానంలో నిజాం తర్వాత అంతటి వాళ్లు ఎవరంటే పైగాలే. 18వ శతాబ్దంలో అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌తో మొదలైంది ఈ వంశం వైభవం. నిజాం కోసం సైన్యాన్ని పోషించడం వాళ్ల పని, దానికి బదులుగా పెద్ద పెద్ద జాగీర్లు. పైగా ఇళ్ల అబ్బాయిలకు నిజాం ఇంటి ఆడపిల్లల్ని ఇవ్వడం ఆనవాయితీ. వికార్ ఉల్ ఉమ్రా కూడా అయిదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా కూతురు జహాందారున్నీసా బేగంని పెళ్లాడారు. అంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, ఈయన బావాబావమరుదులన్నమాట. కథంతా ఈ చుట్టరికం చుట్టూనే తిరుగుతుంది.

ఈ వంశానికి కట్టడాల పిచ్చి బాగా ఎక్కువ. సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో వీళ్ల సమాధులు చూస్తే విషయం అర్థమైపోతుంది. సున్నంతో అల్లికలా చేసిన డిజైన్లు, ఒక్కో చోట ఒక్కో రకం జాలీలు. గోల్కొండ నుంచి వచ్చిన దక్కనీ పనితనం, మొఘల్ పోకడ రెండూ కనిపిస్తాయి. ఇది ఆయనకి పుట్టుకతో వచ్చిన అభిరుచి. కానీ యువ నవాబుకి మోజు మాత్రం యూరప్ మీద.

1884 మార్చి 3న చార్మినార్‌కి 5 కిలోమీటర్ల దూరంలో గుట్ట మీద శంకుస్థాపన జరిగింది. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు. విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్ ప్లాన్ ఇచ్చారు. పై నుంచి చూస్తే ప్యాలెస్ తేలు ఆకారంలో ఉంటుంది. ముందు రెండు రెక్కలు, వెనక తోకలా జనానా మహల్. ఇటలీ పాలరాయి, రంగు అద్దాల కిటికీలు, 101 మంది ఒకేసారి కూర్చునే డైనింగ్ టేబుల్. ఆ హాల్లో ఒక చివర మెల్లగా మాట్లాడినా రెండో చివర కూర్చున్న వాళ్లకి వినిపిస్తుందని చెబుతారు. మరి అక్కడ రాజకీయాలు ఎలా మాట్లాడుకునేవాళ్లో!

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ముందు నుంచి చూస్తే ఫలక్‌నుమా పూర్తిగా యూరప్ భవనం. స్తంభాలు, మెట్లు, ఫౌంటెన్, అన్నీ దొరల పద్ధతే. వెనక్కి వెళితే సీన్ మారిపోతుంది. పరదా పాటించే ఆడవాళ్ల కోసం విడిగా జనానా, లోపలి వైపుకి తిరిగి ఉండే ఆవరణ. బయటి వాళ్లకి కనిపించకుండా, లోపలి వాళ్లకి మాత్రం ఆకాశం, చెట్లు, గాలి దొరికేలా కట్టడం అన్నమాట. ముఖం దొరలకోసం, లోపల ఇల్లు మాత్రం తమ పద్ధతిలోనే. పేరు కూడా ఫార్సీలోనే పెట్టారు. ఆకాశానికి అద్దం అని అర్థం చెబుతారు.

ఖర్చు ఎంతయిందో తెలుసా? అప్పట్లోనే 40 లక్షలని లెక్క చెబుతారు. కట్టడం, సామాను సర్దడం కలిపి సుమారు తొమ్మిదేళ్లు పట్టింది. ఎంత జాగీర్లున్నా ఒక మనిషి తట్టుకునే ఖర్చు కాదు అది. బ్యాంక్ ఆఫ్ బెంగాల్ దగ్గర కూడా అప్పు చేశారంటారు.

అప్పుడు దారి చూపించింది బేగమ్ సాహెబానే అని హైదరాబాద్‌లో ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. నిజాంని ప్యాలెస్‌కి అతిథిగా పిలవమన్నారట. మహబూబ్ అలీ ఖాన్ వచ్చారు. కొన్నాళ్లని వచ్చి వారం, వారం కాస్తా పక్షం, అలా నెల గడిచింది. ప్యాలెస్ ఆయనకి తెగ నచ్చేసింది. విషయం అర్థమైన నవాబు ప్యాలెస్ మొత్తాన్ని నజరానాగా సమర్పించేశారు. నిజాం ఊరికే తీసుకోకుండా ఖర్చులో చాలా భాగం తిరిగిచ్చారు. 1897-98 ప్రాంతంలో జరిగింది ఇది. కథలో ఎంత మసాలా ఉన్నా ఫలితం మాత్రం నిజం. సొంతిల్లు కట్టుకుని సరిగ్గా పదేళ్లు కూడా ఉండకుండానే దాన్ని వదిలి బయటికి నడిచారు వికార్ ఉల్ ఉమ్రా.

అప్పటికి ఆయన మామూలు జాగీర్దారు కూడా కాదు. 1893లోనే సంస్థానం దివాన్, అంటే ప్రధానమంత్రి. ఇంకో పైగా నవాబు ఆస్మాన్ జా దిగిపోతే ఆ కుర్చీలోకి వచ్చారు. 1901 వరకు అక్కడే ఉన్నారు. అంత తేలికైన కాలం కాదది. 1899-1900లో దక్కన్‌ని భయంకరమైన కరవు కుదిపేసింది. ఒక పక్క ఊళ్లలో తిండికి లేక జనం, ఇంకో పక్క నగరంలో నవాబుల కొత్త కొత్త మహళ్లు. ఈ తేడా చూడకుండా ఆయన కట్టడాల గురించి మాత్రమే మాట్లాడుకోవడం న్యాయం కాదు. (మన విశాఖ మాత్రం అప్పటికే నిజాం పాలనలో లేదు. 1766 ఒప్పందంతోనే ఉత్తర సర్కార్లు ఇంగ్లిష్ వాళ్లకి వెళ్లిపోయాయి.)

ఫలక్‌నుమా పోయాక ఆయన మకాం ఊరికి ఇంకో చివర, బేగంపేట. ఆ ఊరి పేరులోనే పైగాల కథ ఉంది. నిజాం ఇంటి ఆడపిల్ల బషీరున్నీసా బేగం పైగా ఇంటి కోడలిగా వచ్చినప్పుడు కట్నంగా వచ్చిన భూమి అది. అక్కడ పైగా ప్యాలెస్ కట్టుకున్నారు. ఫలక్‌నుమాతో పోలిస్తే చాలా నిరాడంబరం. ఒకసారి చేయి కాలింది కదా!

కానీ పక్కనే 1900 ప్రాంతంలో మొదలుపెట్టిన మసీదు ఉంది చూడండి, దాని ముందు ఫలక్‌నుమా కూడా మామూలుగానే అనిపిస్తుంది. యూరప్ పర్యటనలో స్పెయిన్‌లోని కార్డోబా మసీదు చూసి మనసు పారేసుకున్నారని చెబుతారు. 8వ శతాబ్దంలో అబ్దుల్ రహమాన్ కట్టడం మొదలుపెట్టిన మసీదు అది. లోపల ఎటు చూసినా స్తంభాలు, వాటి మీద గుర్రపు నాడా ఆకారంలో ఎరుపు తెలుపు చారల ఆర్చీలు. 1236లో క్రైస్తవ రాజు ఆ నగరాన్ని గెలిచాక అదే చర్చి అయింది. బయట ఆవరణలో నారింజ చెట్లు వరసలు తీరి ఉంటాయి.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పుకోవాలి. ఇరాన్‌లో పుట్టిన తోటల పద్ధతి, అంటే స్థలాన్ని నాలుగు భాగాలు చేసి మధ్యలో నీటి కాలువలు పారించే చార్‌బాగ్, ఒక వైపు స్పెయిన్ దాకా వెళ్లింది, ఇంకో వైపు దక్కన్‌కి వచ్చింది. ఎండ ఎక్కువ, నీళ్లు తక్కువ ఉన్న చోట నీడకీ నీటి చప్పుడుకీ ఉన్న విలువ అది. కుతుబ్‌షాహీలు హైదరాబాద్‌ని తోటల ఊరుగానే కట్టారు. అలాంటి ఊరి నవాబుకి కార్డోబా పరాయిగా అనిపించి ఉండదు. ఇటలీ నుంచి తెచ్చుకున్నది కొనుక్కున్న అందం. స్పెయిన్‌లో దొరికింది మాత్రం దూరపు చుట్టం లాంటిది.

బేగంపేట మసీదుకి హైదరాబాద్ మసీదుల్లో కనిపించే గుండ్రటి గుమ్మటం, పొడుగాటి మీనార్లు ఉండవు. చర్చి గోపురాల్లా కోసుగా, ఎనిమిది పలకల శిఖరాలు ఉంటాయి. కొత్తగా చూసినవాళ్లు చర్చే అనుకుంటారు. లోపల మాత్రం అవే గుర్రపు నాడా ఆర్చీలు. అందుకే అంతా స్పానిష్ మసీదు అంటారు.

అది పూర్తవడం మాత్రం ఆయన చూడలేదు. 1901లో పదవి వదులుకున్నారు, ఆయన స్థానంలో మహారాజా కిషన్ పర్షాద్ వచ్చారు. 1902లో 45 ఏళ్ల వయసులోనే కన్నుమూశారు. మిగిలిన పని కొడుకు సుల్తాన్ ఉల్ ముల్క్ భుజానికెత్తుకుని 1906లో పూర్తిచేశారు.

ఆ తర్వాత? ఫలక్‌నుమాని నిజాం అతిథి గృహంగా వాడుకున్నారు. 1906లో బ్రిటన్ యువరాజు, తర్వాతి కాలంలో అయిదో జార్జ్, అక్కడే దిగారు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూసింది కూడా ఆ ప్యాలెస్‌లోనే. తర్వాత ఏళ్ల తరబడి తాళం పడి, చివరికి తాజ్ గ్రూప్ చేతిలో బాగుపడి 2010లో హోటల్‌గా తెరుచుకుంది. బేగంపేట పైగా ప్యాలెస్‌లో చాలా ఏళ్లు హుడా ఆఫీస్ నడిచింది. 2008 నుంచి 2023 వరకు అమెరికా కాన్సులేట్. వీసా కోసం విశాఖ నుంచి రైలెక్కి వెళ్లి ఆ గేటు ముందు క్యూ కట్టిన వాళ్లలో ఎంతమందికి తెలుసో అది ఈయన ఇల్లని! అన్నట్టు వికారాబాద్ ఊరి పేరు కూడా ఈయన మీదే వచ్చింది.

ఫలక్‌నుమా లోపలికి వెళ్లాలంటే ముందే బుకింగ్ ఉండాలి, జేబు కూడా గట్టిగా ఉండాలి. స్పానిష్ మసీదుకి అలాంటిదేమీ అక్కర్లేదు. శుక్రవారం నమాజుకి ఇప్పటికీ నిండిపోతుంది.