సికింద్రాబాద్‌కు పేరిచ్చిన నిజాం.. సుంకం లేని బజార్ల వెనుక అసలు కథ

సికింద్రాబాద్: బ్రిటన్‌తో ఫ్రీ ట్రేడ్ డీల్ అనగానే 2025 జులైలో జరిగిన సంతకాలే గుర్తొస్తాయి. కానీ హైదరాబాద్ రాజ్యం 1802లోనే ఈస్టిండియా కంపెనీతో ఇలాంటి ఒప్పందం చేసుకుందని తెలుసా? దాని మంచీ చెడూ రెండూ చూసిన పాలకుడు మూడో నిజాం సికిందర్ జా.

1768లో పుట్టిన ఆయన అసలు పేరు మీర్ అక్బర్ అలీ ఖాన్. తండ్రి నిజాం అలీ ఖాన్ 1798లో కంపెనీ సైన్యాన్ని రాజ్యంలో ఉంచుకునేందుకు ఒప్పుకున్నారు. దాని ఖర్చు కింద 1800లో రాయలసీమను వదులుకున్నారు. సినిమా వాళ్లు ఇప్పటికీ వాడే ‘సీడెడ్’ అనే మాట అలా వచ్చిందే.

రెండేళ్లకు వాణిజ్య ఒప్పందం కుదిరింది. దారి పొడవునా వసూలు చేసే సుంకాలు పోయి, సరుకుపై 5 శాతం పన్ను మిగిలింది. ఒకప్పుడు తమ ఏలుబడిలోనే ఉన్న మచిలీపట్నం రేవును వాడుకునే వీలు నిజాంకు దక్కింది.

1803లో సికిందర్ జా గద్దెనెక్కారు. 1806లో హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన వెలిసిన కంటోన్మెంట్‌కు ఆయన పేరే పెట్టారు. అక్కడికొచ్చే సరుకుకు సుంకం మినహాయించారు. ఇంకేముంది, వ్యాపారులు బారులు తీరారు. రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్ అలా పుట్టినవే.

బజార్లు నిండాయి గానీ ఖజానా ఖాళీ అయింది. సైన్యం ఖర్చుల కోసం చందూలాల్ హయాంలో పామర్ అండ్ కంపెనీ దగ్గర భారీ వడ్డీకి అప్పులు చేశారు. చివరకు ఆ బాకీని ఈస్టిండియా కంపెనీ తీర్చింది. బదులుగా, ఉత్తర సర్కారుల కోసం నిజాంకు ఏటా ఇవ్వాల్సిన 7 లక్షల రూపాయలను 1823లో శాశ్వతంగా రద్దు చేయించుకుంది.

1829 మే 21న సికిందర్ జా కన్నుమూశారు. మక్కా మసీదు ఆవరణలో ఆయన సమాధి ఉంది.

2025 డీల్‌లో పాల ఉత్పత్తులపై సుంకం తగ్గించేది లేదని భారత్ గట్టిగా నిలబడింది. సికిందర్ జాకు అలా కాదనే వీల్లేకపోయింది. ఎందుకంటే బేరమాడాల్సిన కంపెనీ సైన్యం ఆయన రాజధాని పక్కనే, ఆయన ఖర్చుతోనే మకాం వేసింది.