రాబర్ట్ కోక్

జర్మనీ దేశమున హార్జ్ కొండల నడుమ క్లౌస్తాల్ అను చిన్న పట్టణము కలదు. ఆ కొండలలోని లోహపు గనులే ఒకప్పుడు అచటివారికి జీవనాధారము. 1843వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాబర్ట్ కోక్ ఆ పట్టణమున జన్మించెను. తండ్రి హెర్మన్ కోక్ గనుల శాఖలో ఉద్యోగి. ఆయనకు పదముగ్గురు సంతానము. వారిలో రాబర్ట్ మూడవవాడు. ఐదేండ్ల వయస్సునకే ఆ బాలుడు వార్తాపత్రికల సాయమున తనంతట తాను చదువ నేర్చెనని చెప్పుదురు. నాచు, పురుగులు, రంగురాళ్ళు ఏరి తెచ్చి వానిని శ్రద్ధతో పరిశీలించుట అతనికి వేడుక. దూరదేశములు చూడవలెనను కోరికయు చిన్ననాటనే అతని మనస్సున నాటుకొనెను.

1862లో అతడు గోటింగెన్ విశ్వవిద్యాలయమున చేరి, కొంతకాలమునకు వైద్యశాస్త్రము నభ్యసింప మొదలిడెను. అచట జేకబ్ హెన్లె అను ఆచార్యుడు శరీరశాస్త్రమును బోధించుచుండెను. అంటువ్యాధులకు కంటికి కానరాని ప్రాణులే కారణమై యుండవలెనని ఆయన 1840లోనే వాదించెను. కాని ఆ కాలపు వైద్యులలో పెక్కురు దీనిని విశ్వసింపలేదు. చెడుగాలి వలనను, కుళ్ళిన నేలనుండి వెలువడు ఆవిరుల వలనను రోగములు పుట్టునని వారి తలంపు. హెన్లె మాట యుక్తిగలదియే కాని దానికి నిదర్శనము లేదు. ఆ నిదర్శనమును చూపగలవాడు తన శిష్యులలోనే కలడని ఆయన అప్పు డెఱుగడు.

కోక్ 1866లో వైద్యపట్టము పొందెను. మరుసటి సంవత్సరము ఎమ్మీ ఫ్రాట్జ్ అను యువతిని వివాహమాడెను. బ్రతుకుతెరువుకై ఊరూరు మారి, ఫ్రాన్సుతో జరిగిన యుద్ధమున సైనికవైద్యుడుగా పనిచేసి, తుదకు 1872లో వోల్‌స్టైన్ అను పల్లెపట్టణమున ప్రభుత్వ వైద్యాధికారిగా కుదురుకొనెను. ఆ ఊరు నేడు పోలండు దేశమున నున్నది. పగలెల్ల అతడు రోగులను చూచుచుండెను. రోగులను పరీక్షించు గదిలోనే ఒక భాగమును తెరతో మఱుగుచేసి దానిని ప్రయోగశాలగా మార్చుకొనెను. ఒక సూక్ష్మదర్శిని తప్ప చెప్పుకొనదగిన పరికరమేదియు అతనికి లేదు. గ్రంథాలయము లేదు; సందేహము తీర్చువారును లేరు.

ఆ ప్రాంతమున గొఱ్ఱెలకును, పశువులకును దొమ్మరోగము తఱచుగా సోకుచుండెను. దీనినే ఆంత్రాక్స్ అందురు. ఉదయమున మేతకు పోయిన గొఱ్ఱె సాయంకాలమునకు ప్రాణము విడిచియుండెడిది. చచ్చిన జంతువుల తోలును, ఉన్నిని తాకిన మనుష్యులకును ఆ రోగము సోకెడిది. కొన్ని పచ్చికబయళ్ళలో మేసిన మందలు మాత్రమే ఏటేట చచ్చుచుండెను. ఆ బయళ్ళను ఏండ్ల తరబడి విడిచిపెట్టినను మరల అదే కీడు మూడుచుండెను. చచ్చిన జంతువుల రక్తమున సన్నని పుల్లలవంటివి ఉండుట అంతకుముందే కొందఱు శాస్త్రజ్ఞులు చూచిరి. కాని అవి రోగమునకు కారణమా, లేక రోగము వలన పుట్టినవా అను సంగతి తేలలేదు.

కోక్ ఆ సంగతి తేల్చుటకు పూనుకొనెను. సన్నని కొయ్యపుల్లను కాచి శుభ్రపఱచి, చచ్చిన గొఱ్ఱె ప్లీహమునుండి తీసిన రక్తమును దానికంటించి, ఎలుక తోకమొదట చిన్న గాటుపెట్టి అందు దూర్చెను. మరునాటికి ఆ ఎలుక చచ్చెను. దాని ప్లీహము ఉబ్బి, అవే పుల్లలతో నిండియుండెను. అంతటితో అతడు తృప్తి చెందలేదు. గాటు వలననే ఎలుక చావలేదని ఎట్లు చెప్పగలము? కావున ఆరోగ్యముగల జంతువు రక్తమును మఱికొన్ని ఎలుకల కదేవిధముగా ఎక్కించి చూచెను. వానికేమియు కాలేదు. ఈ సరిపోలికయే కోక్ పరిశోధనకు ప్రాణము.

ఇంకొక సందేహము మిగిలెను. రక్తములో ఆ పుల్లలతోపాటు వేఱొక విషము ఉండవచ్చును గదా! దానిని తీర్చుటకు ఆ పుల్లలను జంతుదేహమునకు వెలుపల పెంచవలసియుండెను. ఎద్దుకంటిలోని స్వచ్ఛమైన ద్రవమును తెచ్చి, గాజుపలక మీద ఒక బిందువుగా నిలిపి, అందు ఆ పుల్లలను చేర్చి, వెచ్చగా ఉంచి, గంటల తరబడి సూక్ష్మదర్శిని నుండి కన్ను తీయక చూచెను. పుల్లలు సాగి పొడవైన దారములయ్యెను. పిమ్మట ఆ దారములలో ముత్యములవలె మెఱయు గుండ్రని గింజలు వరుసగా కనబడెను. అవియే సిద్ధబీజములు. అవి ఎండినను చావవు. అనుకూలమైన చోటు దొరికినంతనే మరల పుల్లలుగా మారును. ఆ పంటనుండి కొంచెము తీసి క్రొత్త బిందువున, దానినుండి మఱియొక బిందువున, ఇట్లు వరుసగా పెంచిన పిమ్మటను ఆ పుల్లలు ఎలుకలను చంపుచునే యుండెను. మొదటి రక్తము లేశమైనను మిగులలేదు. రోగము మాత్రము మిగిలెను. కావున ఆ ప్రాణియే రోగమునకు కారణమని తేలెను. పచ్చికబయళ్ళ రహస్యమును విడిపోయెను. చచ్చిన జంతువుల నుండి నేలలో చేరిన సిద్ధబీజములు ఏండ్ల కొలది మట్టిలో నిలిచి, మేయుటకు వచ్చిన మందలకు సోకుచుండెను.

1876వ సంవత్సరము ఏప్రిల్ తుదిలో కోక్ తన ఎలుకలను, సూక్ష్మదర్శినిని, గాజుపలకలను వెంటగొని బ్రెస్లౌ విశ్వవిద్యాలయమునకు పోయెను. అచట ఫెర్డినాండ్ కోన్ అను వృక్షశాస్త్రాచార్యుడు బాక్టీరియా విషయమున గొప్ప పండితుడు. ఊరుపేరు లేని పల్లెవైద్యుడు మూడుదినములపాటు తన ప్రయోగము లన్నింటిని ఆచార్యుల కన్నులయెదుట మరల చేసి చూపెను. చూచినవారు ఆశ్చర్యమగ్నులైరి. కోన్ తన పత్రికలో ఆ సంవత్సరమే కోక్ వ్యాసమును ప్రకటించెను. అప్పటికి కోక్ వయస్సు 32 సంవత్సరములు.

1880లో ప్రభుత్వము అతనిని బెర్లిను నగరమునకు రప్పించి, ఆరోగ్యశాఖలో ప్రయోగశాలను, సహాయకులను ఇచ్చెను. అచట అతనికి పెద్ద చిక్కొకటి ఎదురయ్యెను. ద్రవములో పెంచినచో పలుజాతుల సూక్ష్మజీవులు కలగాపులగమగును. ఏది రోగకారకమో, ఏది కాదో తెలియదు. ఉడికించి కోసిన బంగాళాదుంప ముక్కపై పుట్టిన రంగురంగుల మచ్చలు దీనికి దారి చూపెను. ఒక్కొక్క మచ్చలో ఒక్కొక్క జాతియే యుండెను. గట్టినేలపై పడిన ప్రాణి కదలిపోక, పడినచోటనే తన సంతతిని పెంచుకొనుట దీనికి కారణము. కోక్ మాంసరసమునకు జెలాటిన్ చేర్చి పేరబెట్టి అట్టి నేలను సిద్ధపఱచెను. కాని జెలాటిన్ వేడికి కరగిపోవును. ఆ ప్రయోగశాలలో పనిచేసిన వాల్తర్ హెస్సె అను వైద్యుని భార్య ఫానీ హెస్సె తన వంటయింట వాడు అగర్ అను పదార్థమును సూచించెను. సముద్రపు నాచునుండి తీసిన ఈ అగర్ శరీరపు వెచ్చదనమునకు కరగదు. 1887లో సహాయకుడైన పెట్రి మూతగల చిన్న గాజుపళ్ళెమును కల్పించెను. నేటికిని లోకమందలి విశ్వవిద్యాలయములలో బాక్టీరియాను పెంచునది అగర్ నింపిన పెట్రి పళ్ళెములలోనే.

అప్పుడు కోక్ క్షయరోగము వైపు దృష్టి మరల్చెను. ఆ కాలమున మరణించువారిలో ఏడుగురిలో ఒకరు క్షయచేతనే మరణించుచుండిరని అతని లెక్క. ఆ సూక్ష్మజీవి మామూలు రంగులను పట్టదు. ఎన్నో విధముల ప్రయత్నించి, నీలిరంగున నానవేసి, తుదకు సన్నని నీలపు పుల్లలను అతడు చూడగలిగెను. వానిని పెంచుటకు పశురక్తపు రసిని పేరబెట్టి వాడెను. ఇతర బాక్టీరియా ఒకటి రెండు దినములలో పెరుగును. ఇవి రెండవవారమున గాని కంటికి కనబడవు. ఓర్పు లేనివాడు అప్పటికే ఆ గొట్టములను పారవేసియుండును. కోక్ వేచియుండెను. అట్లు పెంచినవానిని గినీపందుల కెక్కింపగా వానికి క్షయ సోకెను. 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిను శరీరధర్మశాస్త్ర సంఘమున అతడీ విషయమును వెల్లడించెను. సభలో ఒక్కరును ప్రశ్న వేయలేదు; ఎదురు చెప్పుటకు అతడు సందు విడువలేదు. ఆ దినమునే నేడు ప్రపంచ క్షయ దినముగా జరుపుచున్నారు.

రోగము గలచోట నెల్ల ఆ సూక్ష్మజీవి కనబడవలెను. దానిని వేఱుచేసి శుద్ధముగా పెంచవలెను. అట్లు పెంచినది ఆరోగ్యముగల జంతువునకు అదే రోగమును కలిగింపవలెను. ఇవి కోక్ నియమములని ప్రసిద్ధికెక్కెను.

1883లో ఈజిప్టు దేశమున కలరా చెలరేగెను. కోక్ తన సహాయకులతో అలెగ్జాండ్రియా చేరెను. ఫ్రాన్సునుండి వచ్చిన పరిశోధకులలో లూయీ థ్విల్యే అను యువకుడు ఆ రోగమునకే బలియయ్యెను. జర్మనీకిని, ఫ్రాన్సునకును ఎంత వైరమున్నను కోక్ ఆ యువకుని అంత్యక్రియలకు పోయి శవపేటికను మోసెను. ఈజిప్టులో కలరా తగ్గుటచే అతడు మన దేశమునకు వచ్చి డిసెంబరులో కలకత్తా చేరెను. అచట 1884 ప్రారంభమున, కామా గుర్తువలె వంగిన ఆ సూక్ష్మజీవిని శుద్ధముగా పెంచగలిగెను. ఇటలీ దేశీయుడైన పచీనీ దానిని 1854లోనే చూచియుండెను గాని ఆ సంగతిని లోకము పట్టించుకొనలేదు. ఏ జంతువునకును కలరాను కలిగింపలేకపోయితినని కోక్ దాచక ఒప్పుకొనెను. ఐనను ఒక చెరువు అతనికి సాక్ష్యమిచ్చెను. దాని గట్టున నివసించు పేదలు ఆ నీటనే స్నానమాడి, బట్టలుతికి, ఆ నీటినే త్రాగుచుండిరి. కలరా రోగి బట్టలును అందే ఉతుకబడెను. ఆ చెరువునీట కోక్ అవే సూక్ష్మజీవులను కనుగొనెను. 1892లో హాంబర్గు నగరమున కలరా 8,000 మందికి పైగా పొట్టన పెట్టుకొనెను. అచట ఏటినీటిని వడగట్టక త్రాగుచుండిరి. ప్రక్కనే యున్న ఆల్టోనా పట్టణమువారు అదే ఏటినీటిని ఇసుకలో వడగట్టి త్రాగుటచే చాలవఱకు తప్పించుకొనిరి.

1885లో కోక్ బెర్లిను విశ్వవిద్యాలయమున ఆరోగ్యశాస్త్రాచార్యుడయ్యెను. బేరింగ్, ఎర్లిక్, జపాను దేశీయుడైన కిటసాటో మున్నగువారు అతని యొద్ద పనిచేసి కీర్తి గాంచిరి. లోకమెల్ల అతనినుండి ఇంకను అద్భుతములను ఆశించుచుండెను. ఇదియే అతనికి పరీక్షాసమయము.

1890 ఆగస్టులో బెర్లినున జరిగిన అంతర్జాతీయ వైద్యమహాసభలో, క్షయను అరికట్టు పదార్థమొకటి తనకు లభించెనని కోక్ చెప్పెను. కొలదినెలలకు అది ట్యూబర్‌క్యులిన్ అను పేర ప్రసిద్ధమయ్యెను. దేశదేశముల క్షయరోగులు చివరి ఆశతో బెర్లినునకు పరుగులు తీసిరి. సత్రములు, ఆసుపత్రులు నిండిపోయెను. కాని ఆ మందు దేనితో చేయబడెనో కోక్ వెల్లడింపలేదు. దానివలన నయమైన గినీపందులను ఎవరికిని చూపలేకపోయెను. మందు పుచ్చుకొనినవారిని పుచ్చుకొననివారితో సరిపోల్చి చూచుటయు జరుగలేదు. బ్రెస్లౌలో మూడుదినములు ఓపికతో అన్నింటిని చూపిన మనుష్యుడే, ఇప్పుడు తన మాటనే నమ్ముమని లోకమును కోరినట్లయ్యెను. కొంతకాలమునకే కొందఱు రోగులు మరణించిరి. విర్కో అను పండితుడు శవపరీక్షలు చేసి, ఆ మందు రోగమును మాన్పకపోగా దేహమున వ్యాపింపజేయుచున్నట్లున్నదని చూపెను. 1891 జనవరిలో అది క్షయ బాక్టీరియానుండి గ్లిసరిన్‌తో తీసిన సారమని కోక్ తెలిపెను. అప్పటికి ఎందఱి ఆశలో అడుగంటెను.

ఆ మందు క్షయను మాన్పలేదు గాని, క్షయ సోకినదా లేదా అని తెలిసికొనుటకు మనుష్యులకును, పశువులకును ఉపయోగపడెను. కోక్ తన పనిని మానలేదు. దక్షిణాఫ్రికాలో పశువుల ముసరవ్యాధిని, 1897లో బొంబాయిలో ప్లేగును పరిశోధించెను. తప్పులును చేసెను. పశువుల క్షయ మనుష్యులకు ప్రమాదకరము కాదని 1901లో అతడు చెప్పినది నిజము కాదని పిమ్మట తేలెను. తూర్పు ఆఫ్రికాలో నిద్రరోగమునకు అతడిచ్చిన అటాక్సిల్ వలన కొందఱు ఆఫ్రికావాసులు చూపు కోల్పోయిరి. 1905లో క్షయ పరిశోధనకై అతనికి నోబెల్ బహుమానము లభించెను. 1910వ సంవత్సరము మే 27వ తేదీన బాడెన్-బాడెన్ పట్టణమున అతడు కన్నుమూసెను.

కోక్ వెదకిన క్షయమందు అతని తరువాత లభించెను. 1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయమున, వాక్స్‌మన్ ప్రయోగశాలలో, మట్టిలోని బాక్టీరియానుండి స్ట్రెప్టోమైసిన్ వెలువడెను. బ్రిటనులోని వైద్యులు దానిని పుచ్చుకొనినవారిని, పుచ్చుకొననివారిని రెండు వర్గములుగా విడదీసి సరిపోల్చి, ఫలితమును 1948లో లోకమునకు ప్రకటించిరి. వోల్‌స్టైనులో తెరచాటున ఒక పల్లెవైద్యుడు ఆరోగ్యముగల రక్తమెక్కించిన ఎలుకలను ప్రక్కన ఉంచి చూచినదియు ఈ సరిపోలికనే. కోక్ తన నియమమును మఱచిన దినమున ఓడెను. ఆ నియమము మాత్రము ఓడలేదు.