హ్యూ డిహేవెన్ జీవితము

మోటారు బండి ప్రమాదమున ఒక మనుష్యుడు మరణించెనని వినినంతనే అది నొసటివ్రాత యందురు. అదే బండిలో పక్కన కూర్చున్నవాడు బ్రతికి బయటపడినచో వాని ఆయువు గట్టిదందురు. ఈ రెండు మాటలును దుఃఖమునందున్న వారికి చెప్పదగినవే. కాని మొదటివాడేల మరణించెను, రెండవవాడేల బ్రతికెను అను ప్రశ్నకు అవి సమాధానములు కావు. ఆ ప్రశ్నను పట్టుకొని జీవితాంతము విడువక, దానికి సమాధానమును అడుగులలోను అంగుళములలోను లెక్కకట్టి చూపినవాడు అమెరికా దేశీయుడైన హ్యూ డిహేవెన్. కార్లలో కూర్చున్నవారిని పట్టి యుంచు నడికట్టులకును, తాకిడికి ఊడిపోని తలుపులకును, పెద్దరోడ్ల యంచున నిలిపెడి వంగు స్వభావముగల యినుప కంచెలకును ఆధారమైన ఆలోచన ఈతని లెక్కలలో స్పష్టముగా కానవచ్చును.

డిహేవెన్ 1895వ సంవత్సరమున న్యూయార్కు నగరమునకు చేరిన బ్రూక్లిన్‌లో జన్మించెను. కార్నెల్, కొలంబియా విశ్వవిద్యాలయములలో కొంతకాలము చదివెను. ఇంతలో మొదటి ప్రపంచ సంగ్రామము వచ్చినది. అతడు కెనడాకు పోయి, అచ్చట బ్రిటిషువారి రాయల్ ఫ్లయింగ్ కోర్ అను వైమానిక దళమున శిక్షణార్థియై చేరెను. 1917లో శిక్షణ జరుగుచుండగా ఆతని విమానమును మరియొక విమానమును ఆకాశముననే ఢీకొనినవి. కొన్ని వందల అడుగుల యెత్తునుండి నేలగూలిన ఆ విమానమునుండి డిహేవెన్‌ను ప్రాణములతో వెలికి తీసిరి. అయితే కాలేయము మొదలగు లోపలి యవయవములు చితికిపోయి యుండెను. నెలల తరబడి ఆతడు ఆసుపత్రి మంచము విడువలేదు.

చూడవచ్చినవారెల్లరు ఆతని అదృష్టమును కొనియాడిరి. ఆతనికి మాత్రము ఆ మాట రుచింపలేదు. మంచముపై పడియుండి ఆతడు రెండు విషయములను గమనించెను. విమానము తునియలైనను తాను కూర్చున్న తావు ఇంచుమించు నలగక నిలిచియుండెను గనుక తాను బ్రతికెను. ఇది మొదటిది. తన కడుపులోని యవయవములను చితుకగొట్టినది నేల కాదు, తాను నడుమునకు బిగించుకొనిన పట్టీయొక్క మొనదేలిన బిళ్ళ. ఇది రెండవది. అనగా తన ప్రాణమును కాచినదియు, తన కడుపును చీల్చినదియు రెండును మనుష్యులు చేసిన వస్తువులే. ఒకడు ఒక తీరున చేసిన వస్తువును మరియొకడు వేరు తీరున చేయవచ్చును గదా! మహాభారతమున ఆనుశాసనిక పర్వమునందు దైవము గొప్పదా, పురుషకారము గొప్పదా యను చర్చ వచ్చినప్పుడు, విత్తనము దైవమైనచో పొలము మనుష్య యత్నమని చెప్పబడినది. డిహేవెన్ ఆ పర్వమును చదివియుండడు. కాని పొలము దున్నవలసిన పని తనదని మాత్రము గ్రహించెను.

యుద్ధానంతరము ఆతడు యంత్రపరికరములను కల్పించుటలో నేర్పరియై, జీవనమునకు చాలినంత ధనము గడించెను. ఆ కాలమును గూర్చి ఇంతకన్న చెప్పవలసినది లేదు. 1930ల దశకమున ఒక కారు ప్రమాదమును ఆతడు కన్నులార చూచెను. కారులో నడపువాని యెదుటి పలకపై నుండు ఒక చిన్న మీట వాని తలను చీల్చినది. అది కూడ ఒక బిళ్ళ వంటిదే. పాత ప్రశ్న మరల మేల్కొనెను.

అప్పటినుండి ఆతడు వార్తాపత్రికలను వెదకుచు ఒక విచిత్రమైన సేకరణకు పూనుకొనెను. ఎత్తైన మేడలపైనుండి పడియు బ్రతికినవారి వృత్తాంతములను ఏరి, వారు పడిన చోటికి తానే పోయి, ఎంత యెత్తునుండి పడిరి, దేనిపై పడిరి, అది ఎంత లోతు నలిగెను అని కొలతలు వ్రాసికొనెడివాడు. మన పల్లెలలో ప్రహ్లాదుని కథ ఎరుగనివారు లేరు. కొండలపైనుండి త్రోయించినను ఆ బాలునికి గాయము తగులకుండుట హరికృప. డిహేవెన్ సేకరించిన వారు భక్తులు కారు, సామాన్యులు. వారిలో ఒక స్త్రీ 17వ అంతస్తునుండి 144 అడుగులు క్రిందికి పడి, గాలి వచ్చుటకై కట్టిన ఒక లోహపు పెట్టెపై వాలినది. ఆ పెట్టె 12 మొదలు 18 అంగుళముల వరకు నలిగిపోయినది. ఆమె చేతి యెముకలు విరిగినవి గాని, కడుపునకు రొమ్మునకు లోపల దెబ్బ తగులలేదు. ఆమె లేచి కూర్చుండి తన గదికి తిరిగి చేర్పుమని కోరెను. మరియొక స్త్రీ 55 అడుగుల యెత్తునుండి తోటమట్టిలో పడినది. ఆ మట్టి 4 అంగుళములు దిగబడినది. ఆమెకు చెప్పదగిన గాయమే లేదు.

ఇచ్చటి లెక్క మిక్కిలి సులభము. పడిన యెత్తును, ఆగుటకు పట్టిన దూరముచే భాగించినచో, దేహముపై ఎంత బలము పడినదో, అది దేహపు బరువునకు ఎన్ని రెట్లో రమారమి తెలియును. 144 అడుగులను ఒకటిన్నర అడుగుచే భాగింపగా 96 వచ్చును. 55 అడుగులను అడుగులో మూడవవంతుచే భాగింపగా 165 వచ్చును. 144 అడుగులు పడిన ఆ స్త్రీయే రాతిబండపై పడి, ఒక్క అంగుళపు దూరములో ఆగియున్నచో 1,728 రెట్లగును. చంపునది ఎత్తు కాదు, వేగమును కాదు. ఆగుటకు చోటు లేకపోవుటయే చంపును. చిన్నపిల్లలు గడ్డివామిపైకి దుమికి నవ్వుచు లేచివచ్చుట మనము నిత్యము చూచుచున్నదే.

బలము దేహమునకు అడ్డముగ, విశాలముగ పరచుకొని పడినచో, క్షణకాలము 200 రెట్ల బరువును సైతము మానవదేహము ఓర్చుకొనగలదని డిహేవెన్ తేల్చెను. ఈ ఫలితమును 1942లో ఒక సైనిక వైద్య పత్రికయందు ప్రకటించెను. ఆతడు వైద్యుడు కాడు. అందువలన మొదట పలువురు ఆతని మాటలను చెవినిడలేదు. మనుష్యదేహము గాజువలె పెళుసైనదని అప్పటి సామాన్యాభిప్రాయము. వినిపించుకొనని వారికి చూపుటకై ఆతడు కోడిగ్రుడ్లతో ప్రయోగము చేసెను. ఎత్తునుండి గ్రుడ్డును మెత్తని రబ్బరు పరుపుపై పడవేయగా అది పగులదు సరికదా, బంతివలె పైకి లేచెడిది. గ్రుడ్డు పెంకు ఎంత పలుచనిదో ఎల్లరెరిగినదే గనుక ఈ ప్రదర్శనము శాస్త్రచర్చలకన్న ఎక్కువ పని చేసినది.

న్యూయార్కునందలి కార్నెల్ వైద్య కళాశాలలో దేహశాస్త్రాచార్యుడైన యూజీన్ డుబాయ్ ఆతని పక్షము వహించెను. ఆయన తోడ్పాటుతో 1942లో ఆ కళాశాలయందే, ప్రమాదములలో గాయములు తగులు తీరును పరిశోధించు శాఖ యొకటి ఏర్పడినది. డిహేవెన్ దానికి నాయకుడయ్యెను. మొదట చిన్న విమానముల ప్రమాదములను పరిశీలించిరి. ప్రమాదమేల జరిగెనని విచారించుటకు వేరు అధికారులుండిరి. ఈ శాఖవారు అడిగినది మరియొకటి: ఏ వస్తువు ఏ అవయవమునకు తగిలినది? ప్రతి గాయమునకును ఒక కారణవస్తువును నిర్ణయించి పట్టికలో చేర్చిరి. దండుగ ఎవడు కట్టవలెనను తగవు తీర్చుట వేరు, గండిపడిన చోటును కనిపెట్టి పూడ్చుట వేరు. డిహేవెన్ రెండవ దానిని చేపట్టెను.

1950ల ఆరంభమున ఇండియానా రాష్ట్రపు పోలీసు ఉద్యోగి ఎల్మర్ పాల్ అనువాడు తన రాష్ట్రమున జరుగు కారు ప్రమాదములను ఈ పద్ధతినే విచారింప మొదలిడెను. ఆ విచారణ డిహేవెన్ పనితో కలిసి, కార్ల ప్రమాదములకై ప్రత్యేక పరిశోధనగా పెరిగినది. తాకిడికి తలుపులు తెరచుకొని బయటికి విసరివేయబడుటకన్న, కారులోనే నిలిచియుండుట ఎంతో క్షేమమని తేలెను. అంతకుముందు జనుల నమ్మకము దీనికి సరిగా విరుద్ధము. బయట పడినవాడే అదృష్టవంతుడనుకొనెడివారు.

1952లో మోటారు ఇంజనీర్ల సభయందు డిహేవెన్ తన సిద్ధాంతమును ఒక ఉపమానముతో వివరించెను. వర్తకుడు పెళుసు సరుకును దూరదేశమునకు పంపునప్పుడు పెట్టె తెరచుకొనకుండ చూచును. పెట్టె మరీ సులభముగ నలిగి సరుకుపై పడకుండ చూచును. లోపలి సరుకు కదలకుండ బిగించును. ఆ బిగింపు సరుకుయొక్క గట్టి భాగములపై పడునట్లు అమర్చును. మన గాజులవర్తకుడు గడ్డి పరచి కట్టుటయు, గ్రుడ్ల గంపలో ఊక పోయుటయు ఈ ధర్మమే. గాజులకు గ్రుడ్లకు చూపుచున్న శ్రద్ధ మనుష్యులకేల చూపరాదని ఆతని వాదము. కార్లను చేయువారిలో పలువురు దీనిని వెంటనే ఆదరింపలేదు. అమ్మకపు కొట్టులో మృత్యువును గుర్తుచేసినచో కొనువాడు వెనుదిరిగి పోవునని వారి భయము. ఆ భయమునకు ఎంత విలువ కట్టవలెనో చదువరులే నిర్ణయింపవచ్చును. అయినను ఫోర్డు సంస్థ 1956వ సంవత్సరపు కార్లలో గట్టి తలుపు గడియలను, నడుమ గుంటగానుండు చక్రమును అమర్చి, కొనువారు కోరినచో నడికట్టులను, యెదుటి పలకపై మెత్తలను కూడ ఇచ్చెను. వీనికి ఆధారము కార్నెల్ లెక్కలే.

డిహేవెన్ రోజర్ గ్రిస్వోల్డ్ అనువానితో కలసి, నడుమును భుజమును కలిపి పట్టు పట్టీని రూపొందించి 1951లో హక్కుపత్రమునకు దరఖాస్తు పెట్టెను. 1955లో ఆ హక్కు లభించెను. 1959లో స్వీడను దేశపు వోల్వో సంస్థయందలి నీల్స్ బోలిన్ దీనికన్న మెరుగైన మూడుమొనల పట్టీని సిద్ధపరచెను. నేడు లోకమంతట వాడుచున్నది బోలిన్ పట్టీయే. ఆ పట్టీలో బలము మెత్తని కడుపుపై గాక తుంటి యెముకపైనను రొమ్ముగూటిపైనను పడును. 1917నాటి బిళ్ళ చేసిన పని ఎట్టిదో తన దేహముననే యెరిగిన డిహేవెన్‌కు ఈ భేదము ఒకరు చెప్పవలసినది కాదు.

ఇక రోడ్డు అంచుల సంగతి. డిహేవెన్ స్వయముగా కంచెలను కట్టలేదు. కాని కారు లోపలి మీట విషయమున చెల్లిన ధర్మము కారు వెలుపలి చెట్టు విషయమునను చెల్లును. గంటకు 30 మైళ్ల వేగముతో చెట్టును తాకుట 30 అడుగుల యెత్తునుండి పడుటతో సమానము. 60 మైళ్ల వేగమైనచో 120 అడుగులు. వేగము రెండింతలైన యెత్తు నాలుగింతలగును. 1960 ప్రాంతమున జనరల్ మోటార్స్ పరీక్షాక్షేత్రమునందు కెన్నెత్ స్టోనెక్స్ అను ఇంజనీరు, నేర్పరులైన చోదకులు సైతము ఒకప్పుడు రోడ్డు తప్పుదురని గ్రహించి, రోడ్డు పక్కల చెట్లను రాళ్లను తొలగించి వాలు సరిచేయవలెనని వాదించెను. ఇది కంచెకన్న మేలైన పని. కంచె కూడ అడ్డమే గదా! వెనుకనున్న లోయయో, వంతెన స్తంభమో కంచెకన్న ఎక్కువ హాని చేయునప్పుడే కంచె తగును.

మన జాతీయ రహదారులపై కానవచ్చు అలలవంటి రెండు మడతల యినుప రేకు అట్టి కంచెయే. దానిని గట్టిగా నిలుపలేదేమని కొందరు తప్పుపట్టుదురు. అది వంగుటకే నిలిపినది. కారు తాకగానే గుంజలు వెనుకకు ఒరగును, రేకు బిగిసిన మోకువలె కారును పట్టి మెల్లగా రోడ్డు వెంబడికే మళ్లించును. వెనుక రెండు మూడడుగుల ఖాళీ లేనిచో ఈ కంచె పనికిరాదు. అట్టిచోట వాలు పాదముగల కాంక్రీటు గోడ కట్టుదురు. రేకు కొనను మొండిగా విడిచిన తొలినాళ్లలో అది ఈటెవలె కారులో దూరెడిది. కొనను నేలలోనికి వంచి పాతగా కారు దానిపైకెక్కి తలక్రిందులయ్యెడిది. తరువాతి కాలమున, తాకిన కొలది రేకు నలిగి పక్కకు చుట్టుకొనిపోవు కొనలను కనిపెట్టిరి. 1955 జూన్ 11న ఫ్రాన్సులోని లెమాన్ పందెమున కారు ప్రేక్షకులలోనికి విసరుకొనిపోయి 80 మందికి పైగా మరణించిరి. ఆ కారు నడుపు వంతులో భాగస్వామియైన జాన్ ఫిచ్ తరువాత ఇసుక నింపిన పీపాల కంచెను కల్పించెను. ముందు వరుసలో తక్కువ ఇసుక, వెనుకకు పోయిన కొలది ఎక్కువ. తోటమట్టి ఆ స్త్రీకి చేసిన మేలునే ఆ పీపాలు కారునకు చేయును.

డిహేవెన్ 1950ల నడుమ పరిశోధనశాఖ బాధ్యతను విడిచెను. వాహనముల నిర్మాణమునకు క్షేమప్రమాణములు విధించు శాసనముపై అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1966లో సంతకము చేయగా చూచెను. 1968 మొదలు అమెరికాలో క్రొత్త కార్లకు పట్టీలుండుట తప్పనిసరియయ్యెను. డిహేవెన్ 1980లో కాలధర్మము చెందెను. అప్పటికి కార్లలో పట్టీలుండెను గాని, వానిని ధరించువారు కొద్దిమందియే. ధరించి తీరవలెనని ఆ దేశమున మొదటి రాష్ట్రశాసనము వెలువడినది ఆతడు పోయిన నాలుగేండ్లకు, 1984లో, ఆతడు పుట్టిన న్యూయార్కు రాష్ట్రమునందు.