షియాలి రామామృత రంగనాథన్

షియాలి రామామృత రంగనాథన్ (1892 ఆగష్టు 12 - 1972 సెప్టెంబరు 27) భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాదులు వేసిన గ్రంథపాలకుడు, గణిత అధ్యాపకుడు. ఎస్.ఆర్.రంగనాథన్ అన్న పేరుతో ప్రసిద్ధుడు. గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలు, కోలన్ వర్గీకరణ పద్ధతి ఈయనకు అంతర్జాతీయ ఖ్యాతిని తెచ్చిపెట్టాయి. వాటికి లభించినంత ప్రచారం ఈయన కృషిలోని మరొక పార్శ్వానికి లభించలేదు. ఒక కళాశాల గ్రంథాలయంలో లేని పుస్తకాన్ని వేరొక గ్రంథాలయం నుంచి తెప్పించి పాఠకునికి అందించే పద్ధతిని అంతర్ గ్రంథాలయ ఎరవు అంటారు. భారతదేశంలో ఈ పద్ధతి నడవడానికి అవసరమైన సూచీలను, నియమాలను, సంస్థలను రూపొందించిన వారిలో రంగనాథన్ అగ్రగణ్యుడు.

బాల్యం, విద్య

రంగనాథన్ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తంజావూరు జిల్లా షియాలి (శీర్కాళి)లో జన్మించాడు. తండ్రి రామామృత అయ్యర్, తల్లి సీతాలక్ష్మి. తండ్రి ఈయన చిన్నతనంలోనే మరణించాడు. చిన్ననాడు కొంత నత్తి ఉండేది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1913లో బి.ఏ., 1916లో గణితంలో ఎం.ఏ. పట్టాలు పొందాడు. అక్కడి గణితాచార్యుడు ఎడ్వర్డ్ రాస్ ఈయనకు జీవితాంతం గురువుగా నిలిచాడు. సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసి, 1917 నుంచి మంగళూరు, కోయంబత్తూరు ప్రభుత్వ కళాశాలలలోను, ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను గణితం బోధించాడు.

గ్రంథాలయంలో ప్రవేశం

1923లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథపాలకుని పదవిని ఏర్పాటు చేసింది. దాదాపు 900 మంది దరఖాస్తు చేసుకోగా వారిలో ఒక్కరికీ ఆ వృత్తిలో శిక్షణ లేదు. రంగనాథన్‌కు ఆ పదవిపై ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ లేదు. బోధన వృత్తిలో జీతం చాలక, మిత్రుల ప్రోత్సాహంతో దరఖాస్తు చేశాడు. ఎంపికై 1924 జనవరిలో చేరాడు. తరగతి గదిలోని సందడికి అలవాటు పడినవాడికి పాఠకులు రాని గదిలో ఒంటరిగా కూర్చోవడం దుర్భరమై, తిరిగి బోధనకు పంపమని కోరాడు. ఒకసారి ఇంగ్లండు వెళ్ళి చూసి వచ్చిన తరువాత కూడా అదే అభిప్రాయం ఉంటే పాత ఉద్యోగం ఇస్తామన్న హామీ లభించింది. ఆ హామీని వినియోగించుకోవలసిన అవసరం మళ్ళీ రాలేదు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలోని గ్రంథపాలక విద్యాలయంలో ఈయన బెర్విక్ సేయర్స్ వద్ద వర్గీకరణ నేర్చుకున్నాడు. దేశమంతటా తిరిగి అనేక గ్రంథాలయాల పనితీరు పరిశీలించాడు. ఒక దుకాణంలో మెకానో బొమ్మ చూసి, కొన్ని విడిభాగాలను రకరకాలుగా కలుపుతూ ఎన్నో వస్తువులను నిర్మించవచ్చునని గ్రహించి, అదే సూత్రాన్ని విషయ వర్గీకరణకు అన్వయించాడన్న సంగతి సుప్రసిద్ధం.

ఎరవు పద్ధతి నేపథ్యం

గ్రంథాలయాలు ఒకదానికొకటి పుస్తకాలు ఎరవిచ్చుకోవడం రంగనాథన్ కనిపెట్టినది కాదు. అమెరికాలోని వూస్టర్ పట్టణ గ్రంథపాలకుడు శామ్యూల్ స్వెట్ గ్రీన్ 1876లోనే దీనిని ప్రతిపాదించాడు. అమెరికన్ గ్రంథాలయ సంఘం 1917లో ఇందుకు నియమావళిని ఆమోదించింది. ఇంగ్లండులో 1916లో స్థాపించిన విద్యార్థుల కేంద్ర గ్రంథాలయం, ఖరీదైన పుస్తకాలు కొనలేని స్థానిక గ్రంథాలయాలకు వాటిని ఎరవిచ్చేది. ఇదే 1930లో నేషనల్ సెంట్రల్ లైబ్రరీగా మారింది. రంగనాథన్ స్వదేశానికి తిరిగివచ్చిన 1925లోనే బర్మింగ్‌హామ్‌లో విశ్వవిద్యాలయ అధ్యాపకుల సంఘం ఒక విచారణ కార్యాలయాన్ని తెరిచింది. ఏ విశ్వవిద్యాలయంలో ఏ పుస్తకం ఉన్నదో వెదకి, అడిగిన గ్రంథాలయానికి తెలియజేయడం దాని పని.

ఈ పద్ధతిలో ఎరవు వ్యక్తికి ఇవ్వరు, గ్రంథాలయానికి ఇస్తారు. విద్యార్థి తన కళాశాల గ్రంథపాలకునికి వివరాలు వ్రాసి ఇస్తాడు. గ్రంథపాలకుడు ముందుగా ఆ పుస్తకం తన వద్దనే లేదని నిర్ధారించుకొని, అది ఎక్కడ ఉన్నదో కనుగొని, ఆ గ్రంథాలయానికి అభ్యర్థన పంపుతాడు. పుస్తకం టపాలో వస్తుంది. పోయినా, చిరిగినా పూచీ తెప్పించుకున్న గ్రంథాలయానిదే. టపా ఖర్చు కూడా సాధారణంగా దానిదే. నిఘంటువుల వంటి సంప్రదింపు గ్రంథాలను, అరుదైన ప్రతులను సాధారణంగా బయటికి పంపరు. వినడానికి తేలికగా ఉన్నా ఇందులో కష్టమంతా ఎక్కడ ఉన్నదో కనుగొనడంలోనే ఉంది. రంగనాథన్ కృషి ప్రధానంగా ఆ కష్టాన్ని తగ్గించడానికే ఉపయోగపడింది.

మద్రాసు విశ్వవిద్యాలయంలో

1925లో తిరిగివచ్చిన రంగనాథన్ దాదాపు 20 సంవత్సరాలు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని నడిపాడు. తాళం వేసిన బీరువాల స్థానంలో, పాఠకులు స్వయంగా వెళ్ళి పుస్తకాలు తీసి చూసుకోగల అరలను ఏర్పాటు చేశాడు. సెలవులు తీసుకోకుండా రోజుకు పదమూడు గంటలు పనిచేసేవాడని ప్రతీతి. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం స్థాపనకు ముఖ్య కారకుడయ్యాడు. 1936లో గ్రంథాలయం మెరీనా తీరంలోని సొంత భవనంలోకి మారింది.

పంచసూత్రాల రూపకల్పన 1928లో జరిగింది. మొదటి సూత్రానికి బీజం రాస్ మాటలలో దొరికిందని రంగనాథన్ స్వయంగా చెప్పుకున్నాడు. గ్రంథం 1931లో వెలువడింది. పుస్తకాలు దాచడానికి కాక వాడడానికి ఉన్నాయన్నది మొదటి సూత్రం సారాంశం. ఏ పాఠకుడైనా తనకు కావలసిన పుస్తకం పొందాలన్నది రెండవ దాని భావం. మూడవది పుస్తకం వైపు నుంచి అదే మాట చెబుతుంది, నాలుగవది పాఠకుని సమయం వృథా కారాదంటుంది, అయిదవది గ్రంథాలయాన్ని ఎదిగే ప్రాణితో పోలుస్తుంది.

ఎరవు పద్ధతికి మూలం రెండవ సూత్రంలో ఉంది. చదువరికి కావలసిన పుస్తకం తన కళాశాలలో లేదని చెప్పి పంపివేస్తే ఆ సూత్రం భంగమైనట్లే. అయితే ఏ గ్రంథాలయమూ అన్నీ కొనలేదు. రంగనాథన్ ఈ చిక్కును గ్రంథపాలకుని మంచితనానికి వదిలివేయలేదు. రెండవ సూత్రం నుంచి ప్రభుత్వానికి, గ్రంథాలయ అధికార సంస్థకు, సిబ్బందికి, పాఠకునికి వేర్వేరు బాధ్యతలను రాబట్టాడు. గణిత అధ్యాపకుడు ఒక ప్రమేయం నుంచి ఉపప్రమేయాలను సాధించినట్లే ఉంటుంది ఆ గ్రంథంలోని వాదన తీరు.

రామానుజన్ ఉదంతం

పుస్తకం అందడానికీ అందకపోవడానికీ ఉన్న వ్యత్యాసం రంగనాథన్‌కు తన సొంత శాస్త్రంలోనే కనిపించింది. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ పాఠశాల విద్యార్థిగా ఉన్నప్పుడు, 1903 ప్రాంతంలో, కుంభకోణం ప్రభుత్వ కళాశాల గ్రంథాలయానికి చెందిన కార్ గణిత సంగ్రహం మిత్రుల ద్వారా అతని చేతికి వచ్చింది. వేల కొద్దీ సిద్ధాంతాలు ఉపపత్తులు లేకుండా పేర్చిన ఆ పుస్తకమే అతనికి దారి చూపింది. కాని ఐరోపాలో అప్పటికే వెలువడిన పరిశోధనలు అతనికి అందలేదు. ఫలితంగా ఇతరులు ఎన్నడో సాధించిన వాటిని మళ్ళీ తనంతట తానే కనుగొనడానికి ఎంతో కాలం వెచ్చించవలసి వచ్చింది. రంగనాథన్ 1967లో రామానుజన్ జీవితంపై ఒక గ్రంథం ప్రచురించాడు. కళాశాల గ్రంథాలయం చేయగలిగిన మేలుకూ, ఒక్కటే ఉంటే చేయలేని పనికీ ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

వర్గీకరణ, సూచీకరణ

కోలన్ వర్గీకరణ 1933లోను, వర్గీకృత సూచీ నియమావళి 1934లోను ప్రచురితమయ్యాయి. వీటిని ఒకే గ్రంథాలయానికి సంబంధించిన సాంకేతిక విషయాలుగా భావించడం పరిపాటి. నిజానికి రెండు గ్రంథాలయాలు పరస్పరం మాట్లాడుకోవాలంటే ఒక పుస్తకాన్ని రెండూ ఒకే విధంగా నమోదు చేయాలి. భారతదేశంలో పేర్లతోనే పెద్ద చిక్కు. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది, తమిళులలో చాలామందికి పొడి అక్షరాలే తప్ప ఇంటిపేరు ఉండదు, ఉత్తరాదివారి ఇంటిపేరు చివర వస్తుంది. గురజాడ అప్పారావు రచనను ఒక కళాశాల గురజాడ కింద, మరొకటి అప్పారావు కింద నమోదు చేస్తే, మొదటి దానిలో ఉన్న పుస్తకం రెండవ దాని పాఠకునికి లేనట్లే లెక్క. భారతీయ నామాలలో ఏ పదాన్ని ముందుగా తీసుకోవాలన్న సమస్యను రంగనాథన్ తన నియమావళిలో ప్రత్యేకంగా చర్చించాడు.

కాశీ, ఢిల్లీ

మద్రాసు పదవి వదిలిన తరువాత, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షుడుగా ఉన్న కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో 1945లో చేరి, అక్కడి దాదాపు లక్ష గ్రంథాలను వర్గీకరించాడు. 1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 1944 నుంచి 1953 వరకు భారత గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు.

ఎరవు పద్ధతికి సంబంధించి ఈ ఢిల్లీ కాలమే ముఖ్యమైనది. పరిశోధకులకు పుస్తకాల కంటే శాస్త్ర పత్రికల అవసరం ఎక్కువ. విదేశీ పత్రికల చందాలు కళాశాలలకు అందుబాటులో ఉండేవి కావు. ఒక పత్రిక పాత సంపుటాలు ఒకచోట కొన్ని, మరొకచోట కొన్ని ఉండేవి. ఏ సంపుటం ఎక్కడ ఉన్నదో చెప్పే జాబితాను సంయుక్త సూచి (యూనియన్ క్యాటలాగు) అంటారు. దక్షిణాసియాలోని విద్వత్ పత్రికలకు రంగనాథన్ మరికొందరితో కలిసి ఇటువంటి సూచిని తయారు చేశాడు. భౌతిక, జీవశాస్త్రాలకు చెందిన మొదటి సంపుటం 1953లో వెలువడింది. చూడడానికి ఇది ఉత్త పేర్ల పట్టిక. చదువుకోవడానికి ఏమీ లేని ఇటువంటి గ్రంథానికి సంవత్సరాల శ్రమ ధారపోయడానికి చాలామంది పండితులు ముందుకు రారు.

యునెస్కో సహాయంతో 1952లో ఢిల్లీలో భారత జాతీయ శాస్త్రీయ డాక్యుమెంటేషన్ కేంద్రం (ఇన్స్‌డాక్) ఏర్పడడంలోనూ రంగనాథన్ పాత్ర ఉంది. కోరిన వ్యాసానికి ఛాయాప్రతి తీసి పంపడం ఈ కేంద్రం సేవలలో ఒకటి. దీనివల్ల మొత్తం సంపుటాన్ని టపాలో పంపి, అది తిరిగివచ్చే వరకు ఎదురుచూసే అవసరం తగ్గింది. ఈ కేంద్రం 2002లో మరొక సంస్థతో కలిసి నిస్కేర్‌గా మారింది. 2021లో అది కూడా వేరొక సంస్థలో విలీనమయింది.

కళాశాల గ్రంథాలయాల నివేదిక

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 1957లో రంగనాథన్ అధ్యక్షతన ఒక గ్రంథాలయ సంఘాన్ని నియమించింది. విశ్వవిద్యాలయ, కళాశాల గ్రంథాలయాలపై దాని నివేదిక 1959లో వెలువడింది. పుస్తకాల కొనుగోలుకు ఏటా విద్యార్థికి 15 రూపాయలు, అధ్యాపకునికి 200 రూపాయల చొప్పున కేటాయించాలని సూచించింది. ఆనాటి ధరలలో కూడా ఒక చిన్న కళాశాలకు ఈ లెక్కన వచ్చే మొత్తం పాఠ్యగ్రంథాలకు, కొద్ది పత్రికలకు మించి చాలేది కాదు. అందువల్ల మిగిలినవి ఇతర గ్రంథాలయాల నుంచి తెప్పించుకోక తప్పదు.

చట్టాలు, తెలుగు ప్రాంతాలు

పౌర గ్రంథాలయాలను చట్టం ద్వారా ఒక వ్యవస్థగా అనుసంధించాలన్నది రంగనాథన్ చిరకాల వాంఛ. 1930లోనే కాశీలో జరిగిన అఖిల ఆసియా విద్యా మహాసభలో ఒక నమూనా చట్టాన్ని సమర్పించాడు. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం కావడం వల్ల ఆ చట్టం తెలుగు నేలకు కూడా వర్తించింది. గ్రంథాలయ పన్ను, జిల్లాకొక అధికార సంస్థ దీనితోనే వచ్చాయి. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో వేరే చట్టం చేశారు. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్ర ప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటి వారి కృషితో 1914 నాటికే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకున్న ప్రాంతం కాబట్టి, ఇక్కడ చట్టానికి ముందే ఉద్యమం సిద్ధంగా ఉంది.

చివరి దశ

1954 నుంచి 1957 వరకు రంగనాథన్ జ్యూరిచ్‌లో నివసిస్తూ గ్రంథరచన చేశాడు. స్వదేశానికి వచ్చి ఉజ్జయినిలోని విక్రమ విశ్వవిద్యాలయంలో కొంతకాలం బోధించాడు. 1957లో పద్మశ్రీ పురస్కారం లభించింది. భార్య శారద పేరిట గ్రంథాలయ శాస్త్ర ఆచార్య పీఠం కోసం మద్రాసు విశ్వవిద్యాలయానికి లక్ష రూపాయలు విరాళమిచ్చాడు. 1962లో బెంగళూరులో డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పాడు. 1965లో భారత ప్రభుత్వం ఈయనను జాతీయ పరిశోధన ఆచార్యునిగా గుర్తించింది. 1972 సెప్టెంబరు 27న బెంగళూరులో మరణించాడు. ఈయన జన్మదినమైన ఆగష్టు 12ను భారతదేశంలో గ్రంథపాలకుల దినోత్సవంగా జరుపుకుంటారు.

తదనంతరం

కంప్యూటర్లు వచ్చిన తరువాత సంయుక్త సూచి రూపం మారింది. 1988లో ఢిల్లీలో గ్రంథాలయాల అనుసంధానంగా డెల్‌నెట్ మొదలై, తరువాత ఇతర రాష్ట్రాల కళాశాలలను కూడా సభ్యులుగా చేర్చుకుంది. 1991లో యు.జి.సి. ప్రారంభించిన ఇన్‌ఫ్లిబ్‌నెట్, విశ్వవిద్యాలయాల గ్రంథసూచీలను ఒకచోట చేర్చింది. సభ్యత్వం ఉన్న కళాశాలలో చదివే విద్యార్థి తన గ్రంథపాలకుని ద్వారా, వేరొక నగరంలోని గ్రంథాలయం నుంచి పుస్తకాన్ని గాని, వ్యాసం ప్రతిని గాని తెప్పించుకోవచ్చు. అభ్యర్థన ఇప్పటికీ కళాశాల గ్రంథాలయం పేరనే వెళుతుంది, పుస్తకం తిరిగి చేర్చే పూచీ కూడా దానిదే.