పంక్తిలో చోటు అడిగిన బిషప్

1910 జూన్ 20 సాయంత్రం. స్కాట్లాండులోని ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరుగుతోంది. 1,200 మందికి పైగా ప్రతినిధులు వచ్చిన ఆ సభలో ఆసియా వారు ఇరవై మందికి మించి లేరు. వారిలో ఒకరైన ముప్పై అయిదేళ్ల తమిళ గురువు ఆ పూట వేదిక ఎక్కారు. ఆయనకు ఇచ్చిన అంశం విదేశీ మిషనరీలకూ స్వదేశీ సేవకులకూ మధ్య సహకారం. అటువంటి సభల్లో వలస దేశపు ప్రతినిధి నుంచి ఎవరైనా ఆశించేది కృతజ్ఞతే. ఆయన మాత్రం ఒక ఇబ్బందికరమైన లెక్క తీశారు. ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో కలిసి పనిచేసే తెల్ల మిషనరీ తన భారతీయ సహచరుడి ఇంటి గడప ఎన్నిసార్లు తొక్కాడు? అతణ్ని తన బల్ల దగ్గరికి ఎన్నిసార్లు భోజనానికి పిలిచాడు? మిషనరీలు చేసిన త్యాగాలను ఆయన కాదనలేదు. అవన్నీ ఉన్నా ఒక్క స్నేహం లేకపోతే మిగిలేది యజమానికీ నౌకరుకూ మధ్య ఉండే సంబంధమేనని చెప్పి, ఆ స్నేహాన్నే అడిగి కూర్చున్నారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. ఆ మహాసభ ప్రసంగాల్లో నూరేళ్లు దాటినా జనం గుర్తుంచుకున్నది మాత్రం అదే.

ఆ గురువు పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. రెండేళ్ల తర్వాత ఆయన డోర్నకల్ బిషప్ అయ్యారు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఆ పేరు నేటికీ వినిపిస్తుంది. కుల ప్రశ్నను చర్చించే మన రచనల్లో మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ఎడిన్‌బరో ప్రసంగాన్ని చరిత్రకారులు సాధారణంగా జాతి వివక్ష మీద నిరసనగా చదువుతారు. ఆ పఠనం తప్పు కాదు, కానీ చాలదు. గడప, పిలుపు, విస్తరి అనే మూడింటితో మనిషి స్థాయిని కొలిచే పద్ధతి తెల్లవారు మనకు నేర్పింది కాదు. అది కులం భాష. అజరయ్య ఆ భాష పుట్టుకతోనే ఎరిగినవారు.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విళై గ్రామంలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం హిందూ కుటుంబం నుంచి వచ్చి క్రైస్తవుడై, గ్రామ గురువుగా పనిచేశారు. వారిది నాడార్ కులం. తాటిచెట్టు ఎక్కి బతికిన ఆ కులాన్ని అగ్రవర్ణాలు ఆలయాల్లోకి రానిచ్చేవి కావు. తిరువాన్కూరులో వారి స్త్రీలు రవిక తొడుక్కునే హక్కు కోసం పంతొమ్మిదో శతాబ్దం మధ్య వరకూ పోరాడవలసి వచ్చింది. ఆలయ ప్రవేశం విషయమై 1899లో శివకాశిలో నెత్తురు పారింది. క్రైస్తవ మతం, చదువు, వ్యాపారం ఆ కులానికి మెట్లయ్యాయి. ఇక్కడొక చిక్కు ఉంది. పైకి ఎక్కినవాడు కిందివాడికి చేయందిస్తాడన్న హామీ ఎక్కడా లేదు. తిరునెల్వేలి చర్చిలోనే వెళ్లాల, నాడార్ క్రైస్తవుల మధ్య పోటీ ఉండేది.

మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివిన అజరయ్య 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరారు. మరుసటి ఏడు అమెరికా నుంచి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీ ఆయనకు జీవితకాల మిత్రుడయ్యాడు. ఎడిన్‌బరోలో అడిగిన స్నేహం ఎలా ఉంటుందో ఆయనకు అనుభవంలో తెలుసు. అది ఊహించి అడిగినది కాదు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను కట్నం లేకుండా పెళ్లాడారు. దక్షిణ భారతంలో కళాశాల మెట్లెక్కిన తొలి క్రైస్తవ మహిళల్లో ఆమె ఒకరు. డోర్నకల్‌లో ఆడపిల్లల చదువు, స్త్రీల సంఘాల బరువు చాలావరకూ ఆమే మోశారు.

1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో బయటికి సేవకులను పంపడం అజరయ్య చూశారు. తిరునెల్వేలిలో వేలాది క్రైస్తవులుండీ తమ చర్చి గోడల మధ్యే కాలం వెళ్లబుచ్చుతున్నారన్న బాధ ఆయనను పట్టుకుంది. మరుసటి సంవత్సరమే తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం పుట్టింది. మనుషులు, డబ్బు, నిర్వహణ అన్నీ ఇక్కడివే. విదేశీ పైసా ముట్టరాదు. 1905 క్రిస్మస్ రోజున సెరాంపూరులో జాతీయ మిషనరీ సంఘం కూడా అదే సూత్రం మీద ఏర్పడింది. బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా స్వదేశీ ఉద్యమం రగులుతున్న ఏడాది అది. చర్చి లోపలి స్వదేశీని మన జాతీయోద్యమ చరిత్రలు లెక్కలోకి తీసుకోకపోవడం ఒక లోపమే.

తిరునెల్వేలి సంఘం ఎంచుకున్న క్షేత్రం నిజాం రాష్ట్రంలోని వరంగల్లు ప్రాంతం. ఇతరులను పంపిన కార్యదర్శి తానే ఎందుకు వెళ్లకూడదన్న ప్రశ్న అజరయ్యను వదల్లేదు. 1909లో వై.ఎం.సి.ఎ.లోని ఉన్నత పదవిని విడిచి, గురువుగా అభిషేకం పొంది, డోర్నకల్ వచ్చారు. సికింద్రాబాదు, బెజవాడ మార్గంలో సింగరేణి బొగ్గుకు దారి చీలే రైలు కూడలి అది. తమిళుడికి తెలుగు పరాయి భాష, నిజాం రాష్ట్రం పరాయి దేశం. మొదట గుడారంలో కాపురం. తెలుగు నేర్చుకున్నారు.

1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన బిషప్‌గా ప్రతిష్ఠితులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పీఠమెక్కిన తొలి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టకపోతే అది జరిగేది కాదు. భారతీయుడి కింద తెల్ల గురువులు పనిచేయాలా అని కొందరు మిషనరీలు అభ్యంతరపెట్టారు. నాడార్ బిషప్ ఏమిటని ఇతర కులాల తమిళ క్రైస్తవుల్లో కొందరికి మింగుడుపడలేదు. ఒకే మనిషిని రంగు చూసి ఒకరు, కులం చూసి మరొకరు వద్దన్నారు.

ఆయన అడుగుపెట్టిన తెలుగు క్రైస్తవం అప్పటికే ఒక పాఠం నేర్చి ఉంది. 1841లో మచిలీపట్నం వచ్చిన ఆంగ్లికన్ మిషనరీ రాబర్ట్ నోబుల్ అగ్రవర్ణ బాలుర కోసం బడి పెట్టాడు, అంటరానివారిని అందులో చేర్చుకోలేదు. పైవారు మారితే కిందివారు వాళ్లే మారతారన్నది ఆ లెక్క. మారిన అగ్రవర్ణులను వేళ్ల మీద లెక్కించవచ్చు. జనసమూహాలు కదిలింది మరో చోట. కృష్ణా జిల్లా రాఘవాపురంలో 1859లో పగోలు వెంకయ్య అనే మాల రైతు బాప్తిస్మం తీసుకున్నాక ఆ కదలిక పల్లె నుంచి పల్లెకు, చుట్టరికం వెంట పాకింది. ఒంగోలు సీమలో మాదిగ తోలు వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య చేసినదీ అదే. 1878లో అక్కడ ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దొర చెబితే వచ్చిన మార్పు కాదిది. మన భాషలో దొర అంటే భూస్వామీ, తెల్లవాడూ కూడా; ఆ ఇద్దరినీ ఒకే మాటతో పిలిచిన పల్లె జనం తెలివితక్కువవారేమీ కాదు.

అయితే చుట్టరికం వెంట పాకినది చుట్టరికం దగ్గరే ఆగింది. ఒంగోలు బాప్టిస్టులంటే ప్రధానంగా మాదిగలు, కృష్ణా ఆంగ్లికన్లంటే ప్రధానంగా మాలలు అనే స్థితి వచ్చింది. రెండు కులాలూ ఉన్న ఊళ్లో రెండు గుడులు, లేదా ఒకే గుడిలో రెండు వరసలు. 1920లో కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా కలిసి డోర్నకల్ అధ్యక్ష మండలం విస్తరించాక ఈ సమస్య పూర్తిగా అజరయ్య ఒడిలో పడింది. ప్రభు సంస్కారంలో అందరూ ఒకే పాత్ర నుంచి తాగాలి. పక్కవాడి పెదవి తగిలిన పాత్రను ముట్టనన్నవాడు క్రైస్తవుడెలా అవుతాడని ఆయన వాదం. వసతి గృహాల్లో మాల, మాదిగ పిల్లలు ఒకే పంక్తిలో తినాలని పట్టుబట్టారు. ఎడిన్‌బరోలో తెల్లవారిని అడిగినదే ఇక్కడ మాల పెద్దలను అడిగారు. అక్కడిలాగే ఇక్కడా కొందరు నొచ్చుకున్నారు.

ఆయన కృషిలో నేటి పాఠకుడు నిదానంగా చూడవలసిన భాగం మరొకటుంది. సువార్త చెప్పడం జీతం తీసుకునే ఉపదేశి పని కాదని, ప్రతి కూలీ పని అని ఆయన నమ్మారు. బాప్తిస్మం పొందినవారు తమ తలపై తామే చేయి పెట్టుకుని, తమ నమ్మకాన్ని ఇతరులకు చెప్పకుండా ఉండబోమని ప్రతిజ్ఞ చేసేవారు. ఏటా ఒక వారం పాటు స్త్రీలు, పురుషులు పాటలు కట్టుకుని పొరుగూళ్లకు, తమవి కాని వాడలకు వెళ్లేవారు. వినడానికి ఇది మత ప్రచారంలో ఒక పద్ధతే. కానీ ఆనాటి ఊరిని తలుచుకోండి. మాల, మాదిగ స్త్రీ ఊరి నడివీధికి వచ్చేది వెట్టికీ, చచ్చిన గొడ్డుకూ, చావు కబురుకూ. చెప్పడానికి తన దగ్గర ఒక సంగతి ఉందనీ, వినవలసినవాడు కాపు అనీ అనుకుని ఆమె అదే వీధిలోకి రావడం ఊరి క్రమంలో చిన్న తిరుగుబాటు.

1930ల నాటికి దాని ఫలితం కనిపించింది. డోర్నకల్ పరిధిలో కాపులు, గొల్లలు, వడ్డెరలు, ఎరుకలు వేల సంఖ్యలో బాప్తిస్మం అడగసాగారు. ఎందుకు వచ్చారని అడిగితే చాలామంది తమ ఊరి మాల, మాదిగ క్రైస్తవుల జీవితంలో చూసిన మార్పును చూపించారు. నోబుల్ లెక్క తలకిందులైంది. అంటరానివాడు గురువై, అంటదగినవాడు శిష్యుడయ్యాడు. ఆయన చివరి సంవత్సరాల నాటికి మండలంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఇక్కడ నాకు అజరయ్యతో ఒక పేచీ ఉంది. ఆయన లెక్కలో పైకులం మనసు మారడానికి కారణం అంటరానివాడి సంస్కరణ: తాగుడు మానడం, గొడ్డుమాంసం మానడం, శుభ్రంగా ఉండటం, పిల్లల్ని బడికి పంపడం. ఇవన్నీ మంచివే కావచ్చు. కానీ పొరుగువాడి గౌరవం పొందడానికి అవమానితుడే ముందు యోగ్యుడు కావాలన్న షరతులో ఒక అన్యాయం దాగి ఉంది. కాపును ఎవరూ ఆ షరతు అడగలేదు. ఎడిన్‌బరోలో అజరయ్య స్నేహాన్ని అడిగినప్పుడు ముందు తన యోగ్యత నిరూపించుకుంటానని అనలేదు కదా. భూమి ఎవరి చేతిలో ఉంది, వెట్టి ఎవరు చేయిస్తున్నారు అన్న ప్రశ్నలు ఆయన బోధలో దక్కవలసినంత చోటు దక్కించుకోలేదు.

రాజకీయాల్లోనూ ఆయనది ఇదే నడక. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. ఓటు కోసం గీసిన గీత తన జనాన్ని పొరుగువారి నుంచి వేరు చేసి, మతాన్ని మరో కులంగా మారుస్తుందన్నది ఆయన భయం. అదే కాలంలో అంటరానివారికి ప్రత్యేక నియోజకవర్గాలు కోరిన అంబేడ్కర్ అనుభవం వేరు: గీత ఎప్పుడో గీసి ఉంది, దాన్ని ఓటుగా మార్చుకోవడమే మిగిలింది. ఇద్దరిలో ఎవరిది సరైన అంచనా అంటే, 1932 నాటి పల్లెను బట్టి నేను అంబేడ్కర్ వైపే నిలుస్తాను. 1935 అక్టోబరులో యేవలాలో తాను హిందువుగా చావనని అంబేడ్కర్ ప్రకటించాక మతమార్పిడి దేశవ్యాప్త వివాదమైంది. హరిజనులకు మతాన్ని బేరీజు వేసుకునే స్థితి లేదంటూ గాంధీ సామూహిక బాప్తిస్మాలను తప్పుపట్టారు. ఆంధ్రలో జరుగుతున్నదాన్ని స్వయంగా చూస్తున్న అజరయ్య దీనికి ఒప్పుకోలేదు. నిరక్షరాస్యుడైన మాదిగకు తన ఆత్మ గురించి నిర్ణయించుకునే శక్తి ఉందని నమ్మిన విషయంలో ఆయన గాంధీ కంటే ప్రజాస్వామికుడు.

1939 జనవరి 6న డోర్నకల్‌లో పెద్ద గుడి ప్రతిష్ఠ జరిగింది. దూరం నుంచి గుమ్మటాలు చూస్తే మసీదు అనిపిస్తుంది, లోపలి స్తంభాలు కోవెలవి. నిజాం రాష్ట్రంలో తమ పొరుగువారు ఎవరో మరిచిపోని కట్టడం అది. ఇంగ్లాండు పల్లె చర్చిలకు నకళ్లుగా కట్టిన గుడులు దేశమంతటా ఉన్న కాలంలో అది సామాన్యమైన ఎంపిక కాదు.

1919లో తరంగంబాడిలో ఎడ్డీతో కలిసి మొదలుపెట్టిన చర్చిల ఐక్యత పనిని ఆయన చివరిదాకా వదల్లేదు. విదేశాల తగాదాల వల్ల పుట్టిన శాఖలు తెలుగు పల్లెలో కులానికి కొత్త కంచెలుగా ఉపయోగపడుతున్నాయని ఆయనకు తెలుసు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. ఆ గుడి ఆవరణలోనే సమాధి ఉంది. రెండేళ్ల తర్వాత, 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, బ్రిటిష్ మెథడిస్టులు, అప్పటికే ఏకమైన ఇతర సంఘాలవారు అందులో కలిశారు. ఒంగోలు బాప్టిస్టులు, గుంటూరు లూథరన్లు బయటే ఉండిపోయారు. అందుకు చెప్పిన కారణాలు సిద్ధాంతపరమైనవి. ఈనాటికీ కృష్ణా నుంచి ప్రకాశం దాకా పల్లెల్లో ఎవరు ఏ గుడికి వెళతారని అడిగితే, ఎక్కువసార్లు వచ్చే సమాధానం సిద్ధాంతం పేరు కాదు, వాడ పేరు.